ఎల్.ఎస్.డి. పరిశోధకుల హాస్యలాంఛనము: సైకిలు

రాజవంశముల చరిత్రను పరిశీలించువారికి లాంఛనము మిక్కిలి పరిచితమైన విషయము. తూర్పు చాళుక్యుల తామ్రశాసనముల ముద్రలపై వరాహరూపమును, 'శ్రీ త్రిభువనాంకుశ' అను బిరుదమును కానవచ్చును. విష్ణుకుండినుల ముద్రలపై సింహము నిలిచియుండును. చోళులకు పులియు, పాండ్యులకు మీనమును లాంఛనములు. ఇవి యన్నియు గంభీరములు. చూచువారి మనస్సున భయమునో, భక్తినో, గౌరవమునో కలిగించుట వీని ప్రయోజనము. నవ్వించుట వీని యుద్దేశము కాదు.

ఆధునిక విజ్ఞానశాస్త్రములలో ఒక చిన్న శాఖ దీనికి విరుద్ధమైన మార్గమును త్రొక్కినది. మనుష్యుని అనుభవమును గాఢముగా మార్చు ఎల్.ఎస్.డి. మొదలగు ద్రవ్యములను పరిశోధించు పండితబృందమునకును, ఆ పరిశోధన నభిమానించువారికిని సైకిలు లాంఛనమైనది. ఏ సభయు తీర్మానించి దానిని నిర్ణయింపలేదు. ఏ ప్రభుత్వమును దానికి ముద్ర వేయలేదు. వాడుకచేతనే అది నిలిచినది. వంకరలు తిరిగిన వీథిలో, చుట్టును రంగులు చిమ్ముచుండగా, సైకిలు త్రొక్కుచు పోవు ఒక రసాయనశాస్త్రజ్ఞుడు సాధారణముగా ఆ చిత్రమునందలి నాయకుడు. చూచినంతనే నవ్వు వచ్చును. ఈ హాస్యలాంఛనము ఎట్లు పుట్టినది, దేనిని జ్ఞాపకము చేయుచున్నది, దేనిని మఱపించుచున్నది అను మూడు ప్రశ్నలను మేమీ వ్యాసమున విచారింపదలచితిమి.

ముందుగా పదమును గూర్చి యొక మాట. అమరకోశమున చంద్రుని ప్రస్తావనలో కళంకము, అంకము, లాంఛనము, చిహ్నము అను పదములు పర్యాయములుగా నొకే వరుసలో చెప్పబడినవి. చంద్రునియందలి మచ్చయే అతనికి గుర్తు కూడ నగుటచే గుర్తునకును మచ్చకును ఒకే పదము చెల్లినది. తెలుగున దీనికి మఱొక యర్థము కలదు. 'పెండ్లి లాంఛనములు' అనునపుడు మర్యాదకొఱకు నడుపవలసిన తంతును, ఇచ్చిపుచ్చుకొనవలసిన వస్తువులును స్ఫురించును. గుర్తు, మచ్చ, తంతు - ఈ మూడర్థములును సైకిలు లాంఛనమునకు వర్తించునని మా యభిప్రాయము. దానిని నిరూపించుటకు చరిత్రను మొదటినుండి చూడవలెను.

ఐరోపా ఖండమున రై యను ధాన్యపు వెన్నులకు పట్టు ఒక శిలీంధ్రమునకు ఎర్గాట్ అని పేరు. అది కలిసిన పిండితో చేసిన రొట్టెలను తిని మధ్యయుగమున వేలకొలది జనులు అవయవములు కుళ్లి, మూర్ఛలు వచ్చి మరణించిరి. ఆ వ్యాధిని సెయింట్ ఆంథొనీ అగ్ని యని పిలిచిరి. అదే ఎర్గాట్‌ను మంత్రసానులు ప్రసవము త్వరపడుటకు మందుగా వాడిరి. విషమును ఔషధమును ఒకే వస్తువునం దుండుటచే రసాయనశాస్త్రజ్ఞులు దానిపై దృష్టి నిలిపిరి. స్విట్జర్లాండు దేశమున బాజెల్ నగరమందలి సాండోజ్ సంస్థలో ఆర్థర్ స్టోల్ 1918లో ఎర్గాటమిన్ అను సారమును వేఱుపఱచెను. ఆ ప్రయోగశాలలో 1929లో చేరిన యువకుడు ఆల్బర్ట్ హోఫ్మన్.

హోఫ్మన్ ఎర్గాట్ సారములకు మూలమగు లైసర్జిక్ ఆమ్లమునుండి వరుసగా క్రొత్త సమ్మేళనములను తయారుచేయుచుండెను. ఆ వరుసలో ఇరువదియైదవది 1938 నవంబరు 16న సిద్ధమైనది. కావుననే దానికి ఎల్.ఎస్.డి.-25 అను పేరు. శ్వాసమునకును రక్తప్రసారమునకును ఉత్తేజము నిచ్చు మందు లభించునేమో యను ఆశతో దానిని చేసిరి. జంతువులపై పరీక్షింపగా అవి కొంత చంచలత చూపినవి. అంతకు మించి విశేషము కానరాకుండుటచే దానిని ప్రక్కన పెట్టిరి. అయిదేండ్లకు హోఫ్మన్ దానిని మరల తయారుచేసెను. 1943 ఏప్రిల్ 16, శుక్రవారమునాడు దానిని శుద్ధిచేయుచుండగా ఆయనకు తల తిరుగుటయు, కండ్లు మూసికొన్నచో రంగురంగుల రూపములు ప్రవాహమువలె కనబడుటయు సంభవించినది. పని మాని ఇంటికి పోయి పరుండెను. ఆ ద్రవ్యము ఎట్లో కొంచెము శరీరమున ప్రవేశించియుండునని ఊహించి, ఆ యూహను తనపైననే పరీక్షింప నిశ్చయించెను.

ఆ పరీక్ష 1943 ఏప్రిల్ 19, సోమవారమునాడు జరిగినది. సాయంకాలము 4 గంటల 20 నిమిషములకు ఆయన 0.25 మిల్లీగ్రాముల ద్రవ్యమును నీటిలో కలిపి త్రాగెను. ఎర్గాట్ సారముల శక్తిని బట్టి చూడగా ఇంతకన్న తక్కువ మోతాదు పనిచేయదని ఆయన తలచెను. ఒక గ్రామును నాలుగువేల భాగములు చేయగా అందొక భాగము! 5 గంటలకు దినచర్యలో ఆయన కొన్ని లక్షణములను వ్రాసికొనెను: తలతిప్పు, భయము, దృష్టి చెదరుట, అవయవములు పట్టు తప్పుట, నవ్వవలెనను కోరిక. ఆ చివరి మాటలను మిక్కిలి ప్రయాసతో వ్రాసెను. అటుపై లేఖిని సాగలేదు.

ఈ చివరి లక్షణమును పాఠకులు గమనింపవలెను. ఈ లాంఛనమునందలి హాస్యము తరువాతివారు తెచ్చి అతికించినది కాదు. మొదటి ప్రయోగపు మొదటి లిఖితపత్రమునందే, భయము ప్రక్కన నవ్వు నమోదైనది.

మాటలాడుటయు కష్టమైనందున హోఫ్మన్ తన్ను ఇంటికి చేర్చుమని ప్రయోగశాల సహాయకురాలిని కోరెను. యుద్ధకాలపు నిబంధనలచే మోటారు వాహనము లభింపదయ్యెను. ఇద్దరును సైకిళ్లపై బయలుదేరిరి. దారి పొడవునను ఎదుటి దృశ్యము వంకర అద్దములోని బింబమువలె కదలుచున్నట్లును, తాను మాత్రము కదలక ఒకే చోట నిలిచినట్లును ఆయనకు తోచినది. వారు చాల వేగముగా పోయిరని సహాయకురాలు పిమ్మట చెప్పినది. ఈ వైరుధ్యమే తరువాతి చిత్రకారులకు ముడిసరకు.

ఇంటికి చేరిన పిదప జరిగినది నవ్వులాట కాదు. భార్యయు ముగ్గురు పిల్లలును లూసెర్న్ నగరమునకు పోయియుండిరి. విరుగుడుగా పనిచేయునని హోఫ్మన్ పాలు కోరగా పొరుగింటి యావిడ తెచ్చి యిచ్చినది. ఆయన రెండు లీటర్లకు మించి పాలు త్రాగెను. ఉపకారము చేయవచ్చిన ఆ యిల్లాలు ఆయనకంటికి రంగుల ముసుగు ధరించిన మంత్రగత్తెవలె కనబడెను. తనకు పిచ్చి యెత్తినదనియు, తాను చనిపోవుచున్నాననియు, భార్యాబిడ్డలు అనాథలగుదురనియు ఆయన కుమిలెను. వైద్యుడు వచ్చి నాడిని, శ్వాసమును, రక్తపుపోటును పరీక్షించి, కంటిపాపలు విప్పారియుండుట తప్ప వేఱు వికారమును కానడయ్యెను. క్రమముగా భయము తగ్గి, రంగుల దృశ్యములు సుఖము గొలిపినవి. మఱునాటి ఉదయము వాన వెలిసిన తోటలోనికి పోగా లోకమంతయు అప్పుడే సృష్టింపబడినట్లు మెఱయుచుండెనని ఆయన వ్రాసికొనెను. ఈ వృత్తాంతమంతయు ఆయన 1979లో జర్మనుభాషలో ప్రకటించిన గ్రంథమున కలదు. ఆ గ్రంథమునకు ఆయన యుంచిన పేరులో ఎల్.ఎస్.డి.ని తనకు చిక్కులు తెచ్చిపెట్టిన బిడ్డగా చెప్పుకొనెను.

నివేదిక చూచిన పైయధికారి స్టోల్ తూకములో పొరపాటు లేదు గదా యని అడిగెను. ఔషధప్రభావ విభాగాధ్యక్షుడు ఎర్న్‌స్ట్ రాథ్లిన్ మఱి యిద్దఱు సహచరులతో కలిసి, హోఫ్మన్ పుచ్చుకొన్న దానిలో మూడవవంతు మాత్రము సేవించి చూచెను. సంశయము తీరినది. ఈ విధముగా ఆ ప్రయోగశాలలో నొక పరిశోధకబృందము ఏర్పడినది. ఆ బృందమునకు ఆనాడు లాంఛన మేదియు లేదు. ఒక దినచర్య, ఒక గడియారము, ఒక త్రాసు మాత్రమే యుండెను.

మఱి సైకిలు లాంఛన మగుటకు ముందు నలువది రెండేండ్లు గడచినవి. ఈ నడుమ ఆ శాస్త్రశాఖకు మొదట పేరు ఏర్పడినది. ఆ నామకరణ కథయు హాస్యముతో కూడినదే. కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రమున పనిచేయుచుండిన ఆంగ్లేయ మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్, రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1956లో ఈ ద్రవ్యములకు తగిన పేరునుగూర్చి ఉత్తరములు వ్రాసికొనిరి. 'ఉన్మాదమును అనుకరించునవి' అను అప్పటి పేరు వారికి నచ్చలేదు. హక్స్‌లీ గ్రీకుపదములతో 'ఫానెరోథైమ్' అను మాట కూర్చి, దానిని అంత్యప్రాసతో రెండు పంక్తుల వేడుక పద్యమున నిమిడ్చి పంపెను. ఆస్మండ్ 'సైకెడెలిక్' అను మాటతో అట్టిదే మఱొక ద్విపంక్తిని బదులు పంపెను. రెండవదియే నిలిచినది. 1957లో ఆస్మండ్ దానిని న్యూయార్కు నగరమున విద్వత్సభ యెదుట ప్రకటించెను. 'మనస్సును వెల్లడిచేయునది' యని దాని యర్థము. తెలుగున 'చిత్తప్రకాశకము' అనవచ్చును. పండితులు పందెము వేసికొన్నట్లు ఆశువుగా చెప్పిన మన చాటుపద్యములను ఎఱిగినవారికి ఈ సంఘటన వింతగా తోచదు. ఒక శాస్త్రశాఖ పేరు చాటువునుండి పుట్టుట మాత్రము అరుదు.

పేరు హాస్యముతో వచ్చినను, ఆ తరువాతి పదేండ్లలో చిహ్నములు గంభీరములైనవి. హార్వర్డు విశ్వవిద్యాలయమున 1960లో పరిశోధన ప్రారంభించి 1963లో పదవి కోల్పోయిన టిమొతీ లియరీ, తన సహచరులతో 1964లో టిబెట్టు మృతగ్రంథము నాధారముగా చేసికొని యొక మార్గదర్శిని రచించెను. 1966లో తొలి యక్షరములు ఎల్.ఎస్.డి. అగునట్లు పేరు కూర్చి ఒక మతసంస్థనే స్థాపించెను. ప్రయోగశాలలో పుట్టిన వస్తువునకు మోక్షమార్గపు వేషము వేయబడినది. ఈ దృష్టి మన వేదమువైపునకు గూడ ప్రసరించినది. గార్డన్ వాసన్ 1968లో ప్రకటించిన గ్రంథమున ఋగ్వేదమందలి సోమము ఒక పుట్టగొడుగని వాదించెను. సంస్కృత విద్వాంసుడు జాన్ బ్రౌ మొదలగువారు దానిని ఖండించిరి. పిదప 1978లో వాసన్, హోఫ్మన్, కార్ల్ రక్ అనువారు ప్రాచీన గ్రీసులోని ఎలూసిస్ క్షేత్రపు రహస్యపూజలలో ఎర్గాట్ సంబంధమైన పానీయము వాడబడినదని ప్రతిపాదించిరి. ఆ వాదముల సత్యాసత్యములు ఇచ్చట మాకు విషయము కావు. కోరుకొన్నచో ఈ బృందమునకు సోమలత, ఎలూసిస్ పాత్ర మొదలగు పురాతన చిహ్నములు సిద్ధముగా నుండెనని మాత్రము చూపదలచితిమి. చివరకు నిలిచినది యుద్ధకాలపు సైకిలు.

అది నిలుచుటకు పంచాంగము కారణము! అమెరికాలోని నార్తర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున విద్యామనశ్శాస్త్రాచార్యుడగు థామస్ రాబర్ట్స్ 1985లో తన యింట నొక ఉత్సవము జరుప తలపెట్టెను. మొదటి యనుభవము కలిగిన ఏప్రిల్ 16ననే జరుపవలెనని ఆయన కోరిక. ఆ యేడు ఆ తేది మంగళవారమైనది. వారము నడుమ విందునకు జనులు రారు. ఏప్రిల్ 19 శుక్రవారము. కావున ఉత్సవమును ఆ దినమునకు మార్చి 'సైకిలు దినము' అని పేరు పెట్టెను. 16వ తేదినిగూర్చి హోఫ్మన్ వ్రాసిన నివేదికలో సైకిలు ప్రసక్తియే లేదు. ఆ యేడు ఏప్రిల్ 16 శుక్రవారమై యుండినచో ఈ శాస్త్రమునకు వేఱొక లాంఛనము వచ్చియుండును. లేదా ఏదియు వచ్చియుండదు.

ఈ లాంఛనము జనులకు రుచించుటకు పంచాంగము చాలదు. కారణము మఱొకటి కలదు. 1965లో సాండోజ్ సంస్థ ఎల్.ఎస్.డి. పంపిణీని నిలిపినది. 1971 నాటి వియన్నా ఒడంబడికలో అది అత్యంత కఠినమైన నిషేధపు పట్టికలో చేరినది. పరిశోధన దాదాపుగా ఆగిపోయినది. మతాచార్యుల వేషము శాస్త్రమునకు అపకారమే చేసినదని అనేకులు తలచిరి. అట్టి సమయమున సైకిలు వారిని మరల ఒక మనుష్యునివద్దకు, ఒక గంటకు, ఒక మోతాదునకు, ఒక దినచర్యకు తీసికొనిపోయినది. అది దేవతావాహనము కాదు. వీథిలో నెవడైనను త్రొక్కునది. దానిపై నున్నవాడు మోక్షమునకు కాదు, ఇంటికి పోవుచున్నాడు. తన్ను తాను చూచి నవ్వుకొనగల శాస్త్రము గర్వమును కొంత విడిచినట్లే. ఇది లాంఛనమునకు మొదటి యర్థము, అనగా గుర్తు. ఈ యర్థమున సైకిలు మంచి లాంఛనమే.

రెండవ యర్థము మచ్చ. భరతుడు హాస్యము వికృతమైన వేషచేష్టాదులవలన పుట్టునని చెప్పి, అది ఆత్మస్థము, పరస్థము అని రెండు విధములన్నాడు. తాను నవ్వుట మొదటిది; ఇతరులను నవ్వించుట రెండవది. హోఫ్మన్ దినచర్యలోని నవ్వు ఆత్మస్థము. అది భయమును ఆనుకొని యున్నది. లాంఛనమునందలి నవ్వు పరస్థము; అందు భయము తుడిచివేయబడినది. సాయంకాలము 6 గంటలనుండి 8 గంటలవరకు ఆయన పడిన మరణవేదన చిత్రమున లేదు. పొరుగింటి యావిడ లేదు, పాలు లేవు, వైద్యుడు లేడు.

చిత్రమున లేనిది మఱొకటి, రెండవ సైకిలు. ఆ సహాయకురాలి పేరు సూజీ రామ్‌స్టైన్. తాను మతి తప్పి యుండగా ఇంటికి చేర్చుటకు హోఫ్మన్ ఆమెనే నమ్మెను. అంతేకాదు, 1943 జూన్ 12న ఆమెయు 100 మైక్రోగ్రాముల ఎల్.ఎస్.డి.ని సేవించినది. దానిని సేవించిన మొదటి స్త్రీ ఆమెయే. ఆనాడామె ట్రాములో ఇంటికి పోయినది. ట్రాము దినము ఏ దేశమునను లేదు. ఒక పరిశోధన బృందముచే జరుగును. లాంఛనము ఒక్కనిని మాత్రమే వాహనముపై నెక్కించును. చాళుక్యముద్రపై వరాహము కనబడునుగాని శాసనము చెక్కిన శిల్పి కనబడడు గదా!

ఇంతకన్న గాఢమైన మచ్చలు కలవు. అమెరికా సైన్యమునకు సంబంధించిన జీవాయుధ పరిశోధకుడు ఫ్రాంక్ ఓల్సన్‌కు 1953 నవంబరులో గూఢచారి సంస్థవారు చెప్పకుండ పానీయమున ఎల్.ఎస్.డి. కలిపి యిచ్చిరి. కొలది దినములకే, నవంబరు 28న, న్యూయార్కులోని హోటలు కిటికీనుండి పడి ఆయన మరణించెను. నిజము 1975లో గాని బయటపడలేదు; దేశాధ్యక్షుడు ఫోర్డు ఆ కుటుంబమునకు క్షమాపణ చెప్పెను. ఓక్లహామా నగరమున 1962లో టస్కో యను ఏనుగునకు 297 మిల్లీగ్రాములు సూదిమందుగా ఎక్కించిరి. హోఫ్మన్ మోతాదునకు అది దాదాపు 1,200 రెట్లు. ఏనుగు కూలి, రెండు గంటలు గడువకముందే చనిపోయినది. పిమ్మట ఇచ్చిన ఇతర మందులును కారణము కావచ్చునను వాదము కలదు. కాని ప్రయోగపు అవివేకమునకు అది సమాధానము కాదు. హోఫ్మన్ తెలిసి తనపై ప్రయోగము చేసికొనెను. ఓల్సన్‌కు తెలియదు; ఏనుగునకు అడుగువారే లేరు. సైకిలును చూచి నవ్వునపుడు ఈ భేదము మఱపునకు వచ్చుచో ఆ నవ్వు నిర్దోషము కాదు.

సైకిలు బొమ్మను పరిశోధకులే కాక చాటుగా ఎల్.ఎస్.డి. అమ్మువారును వాడుకొనిరి. ఆ ద్రావణమున తడిపిన అద్దుడు కాగితపు ముక్కలపైనను ఆ బొమ్మ అచ్చుపడినది. ఒకే లాంఛనము శాస్త్రజ్ఞుని సభలోను, దొంగ వ్యాపారి జేబులోను ఉన్నది. భారతదేశమునకు సంబంధించి యొక యాదృచ్ఛికమును ఇచ్చట చెప్పదగును. ఇల్లినాయ్‌లో మొదటి సైకిలు దినము జరిగిన 1985లోనే మన పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసినది. ఆ చట్టపు పట్టికలో ఎల్.ఎస్.డి. కలదు. ఒకచోట హాస్యలాంఛనము పుట్టిన యేడే మఱొకచోట దండనశాసనము పుట్టినది. చరిత్రవిద్యార్థి ఈ రెండింటిని ఒకే పుటలో చదువవలెను.

ఇక మూడవ యర్థము తంతు. 2006 జనవరిలో హోఫ్మన్ నూఱవ పుట్టినరోజు సందర్భమున బాజెల్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగినది. ఆయన 2008 ఏప్రిల్ 29న, 102 ఏండ్ల వయస్సున మరణించెను. పరిశోధన మెల్లగా తిరిగి ప్రారంభమైనది. స్విట్జర్లాండులో పీటర్ గాసర్ ప్రాణాంతకవ్యాధులచే ఆందోళన చెందుచున్న 12 మంది రోగులపై ఎల్.ఎస్.డి. సహాయముతో మానసిక చికిత్స జరిపి, ఫలితములను 2014లో ప్రకటించెను. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున 2019లో ఈ శాఖకు ప్రత్యేక కేంద్రము ఏర్పడినది. ఇప్పటి పరిశోధనలలో రోగి సమ్మతిపత్రము, కొలిచిన మోతాదు, ప్రక్కన మెలకువతో కూర్చుండు సహాయకుడు తప్పనిసరి. గమనించి చూచినచో ఈ మూడవ నియమము 1943 ఏప్రిల్ 19 నాటి రెండవ సైకిలే. మత్తులో నున్నవానిని ఒంటరిగా విడువరాదని ఆ సహాయకురాలు ఆచరించి చూపినదే నేడు శాస్త్రనియమమైనది. ఏటేట జరుగు సైకిలు దినము ఈ సంగతిని స్మరింపనిచో పెండ్లి లాంఛనమువలె మర్యాదకు జరుగు తంతుగా మిగులును.

కావున ఈ లాంఛనమును త్రోసివేయవలెనని మా మతము కాదు. గంభీరచిహ్నములు ఈ శాస్త్రమును ఒకమాఱు పెడదారి పట్టించినవి. హాస్యము దానిని నేలకు దించినది. ఆ మేలు గొప్పది. లాంఛనమును శాసనమువలె చదువుట మాత్రము పరిశోధకుని విధి. శాసనమున దాత పేరుండును, దానము చేసిన భూమి ఎల్లలుండును, సాక్షుల పేర్లుండును. సైకిలు లాంఛనమున దాత మాత్రమున్నాడు. ఎల్లలు లేవు, సాక్షి లేదు. ఇకముందు ఆ చిత్రమును గీయువారు హోఫ్మన్ ప్రక్కన మఱొక సైకిలును, దానిపై దారి చూచుచు పోవు నొక స్త్రీని గీయుదురుగాక. అట్లు చేసినందున నవ్వు తగ్గదు, నిజము చేరును.